గట్టు దాటే జబ్బు

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. రాష్ట్రంలో ఇంత పొడవైన తీరం మరే జిల్లాకూ లేదు. దక్షిణాన రణస్థలం నుంచి ఉత్తరాన ఇచ్ఛాపురం దాకా నాగావళి, వంశధార, మహేంద్రతనయ ఒకదాని తరవాత ఒకటి ఈ తీరంలోనే సముద్రంలో కలుస్తాయి. పక్కనున్న విజయనగరానికి తీరం కొంచెమే, భోగాపురం, పూసపాటిరేగ మండలాల మేర. కోనాడ దగ్గర చంపావతి మొగ అక్కడే ఉంది. మొగల దగ్గర, ఉప్పుటేళ్ళ ఒడ్డున, ఒకప్పటి ఉప్పు మడుల పక్కన గత మూడు దశాబ్దాల్లో రొయ్యల చెరువులు వెలిశాయి.

చెరువు పట్టా ఒకరిది, లీజు మరొకరిది, పెట్టుబడి ఇంకొకరిది కావచ్చు. నీరు మాత్రం ఆ ఏటిదే. పోటు మీద ఒక రైతు మోటారు పెట్టి తోడుకున్న నీరు, కిందటి పాటులో పొరుగు రైతు తూము తీసి వదిలిన నీరే కావచ్చు. రొయ్యల జబ్బుల గురించి చెప్పుకోవలసిన కథంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. రైతు తన గట్టు లోపల ఎంత జాగ్రత్తపడినా, అదే ఏటిని వాడుకునే మిగతావాళ్ళు జాగ్రత్తపడకపోతే ఆ శ్రమ సగం వృథా.

చెరువులో తేడా మొదట కనిపించేది చెక్ ట్రేలో. చెరువులో అక్కడక్కడ దించే ఈ వల తట్టల్లో కాస్త మేత వేసి, రెండు గంటలు పోయాక పైకి లాగి చూస్తారు. ఖాళీగా వస్తే మంచిదే. "మేత మిగిలిపోనాది" అని కుర్రాడు గట్టు మీంచి కేకేశాడంటే రైతు గుండె గతుక్కుమంటుంది. మరునాటికి రొయ్యలు గట్టు అంచులకు చేరతాయి, మందంగా ఈదుతాయి, ఒంట్లో ఎరుపు తిరుగుతుంది. తలపెంకు తీసి వెలుగుకు పెట్టి చూస్తే సున్నపు చుక్కల్లాంటి తెల్ల మచ్చలు. అప్పటి నుంచి మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు. దీన్నే రైతులు వైట్‌స్పాట్ అనీ తెల్లమచ్చ అనీ అంటారు.

ఇంత వేగంగా పోవడానికి కారణం రొయ్య శరీరంలోనే ఉంది. మనిషికి ఒకసారి అమ్మవారు పోస్తే ఒళ్ళు ఆ వైరస్‌ను గుర్తుపెట్టుకుంటుంది, దానికి సరిపోయే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. టీకా పనిచేసేది ఆ జ్ఞాపకం మీదే. రొయ్యకు యాంటీబాడీలు లేవు. దాని రక్తంలో తిరిగే కణాలు ఎదురైన క్రిమిని మింగుతాయి, లేదా చుట్టుముట్టి నల్లని మెలనిన్ పొరలో బంధిస్తాయి. బాక్టీరియా కొద్దిగా ఉన్నప్పుడు ఈ కాపలా బాగానే పనిచేస్తుంది, వైట్‌స్పాట్ వైరస్ ముందు మాత్రం నిలవదు. అందుకే ఇన్నేళ్ళ పరిశోధన తరవాత కూడా చెరువులో వేసి ఈ జబ్బును నయం చేసే మందు లేదు, రైతు చేతికందిన టీకా లేదు. దుకాణాల్లో ఆ పేరుతో ఎన్ని డబ్బాలు అమ్మినా ఇందులో మార్పేమీ ఉండదు. రొయ్యల సాగులో రోగనిరోధం అంటే వైరస్‌ను చెరువులోకి రానివ్వకపోవడమే.

ఈ వైరస్ 1992 ప్రాంతంలో తైవాన్‌లో, చైనాలో బయటపడింది. 1993కి జపాన్ చేరింది, చైనా రొయ్యల దిగుబడిని కుప్పకూల్చింది. 1994లో భారత తూర్పు తీరానికి వచ్చింది. అప్పుడు ఆంధ్ర తీరమంతా టైగర్ రొయ్యల జోరు మీద ఉంది. కంపెనీలు దిగాయి, వరి పొలాలు చెరువులయ్యాయి, అప్పులిచ్చేవాళ్ళు ఇంటికొచ్చి ఇచ్చారు. 1994, 95 సంవత్సరాల్లో ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో చెరువులు వరసగా పోయాయి. 1999లో ఇదే వైరస్ ఈక్వడార్‌కు చేరి అక్కడి సాగునూ దెబ్బతీసింది. ఒక చిన్న క్రిమి ఏడేళ్ళలో పసిఫిక్ మహాసముద్రానికి ఆ ఒడ్డున తేలింది. అంత దూరం అది ఈదుకుంటూ వెళ్ళలేదు. మనుషులు ఒక దేశం నుంచి మరో దేశానికి తరలించిన సరుకుతో పాటు వెళ్ళింది.

ఉత్తరాంధ్రకు ఈ కథలో ప్రత్యేకమైన పాత్ర ఉంది. టైగర్ రోజుల్లో పిల్ల కావాలంటే సముద్రంలో పట్టిన తల్లి రొయ్య కావాలి. విశాఖ రేవుకు ట్రాలర్లు తెచ్చే తల్లి రొయ్యలకు ఎక్కడెక్కడి హేచరీల నుంచో గిరాకీ ఉండేది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా 1980 దశకం చివర్లో విశాఖ దగ్గర టాస్పార్క్ అనే పిల్లల ఉత్పత్తి కేంద్రాన్ని, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే వచ్చే గోపాల్‌పూర్‌లో మరో కేంద్రాన్ని పెట్టింది. తీరం వెంట ప్రైవేటు హేచరీలు వచ్చాయి. తెల్లమచ్చ ఒకసారి సముద్రంలోని రొయ్యల్లోకి, పీతల్లోకి చేరాక తల్లి రొయ్యే రోగవాహిని అయింది. పైకి ఆరోగ్యంగానే ఉంటుంది, లోపల వైరస్ నిద్రపోతుంటుంది. గుడ్లు పెట్టే శ్రమలో అది మేల్కొని పిల్లకు అంటుకుంటుంది. ఒక్క తల్లి లక్షల గుడ్లు పెడుతుంది గనక ఒక్క తల్లి తప్పితే ఎన్ని చెరువులు తప్పుతాయో లెక్క వేసుకోవచ్చు.

ఈ చిక్కు నుంచి బయటపడే దారి హవాయిలో దొరికింది. అక్కడి ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ 1990ల మొదట్లో వెనామీ అనే మరో జాతి రొయ్యను తరతరాలుగా మూసిన గదుల్లో పెంచి, ఫలానా రోగాలు లేవని పరీక్షల్లో తేలిన వంశాలను నిలబెట్టింది. వాటినే ఎస్పీఎఫ్ అంటారు. మన దేశంలో 2003లో ప్రయోగాత్మకంగా వెనామీని తెచ్చారు. ముప్పు అంచనా వేశాక 2009లో సాగుకు అనుమతి వచ్చింది. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో దిగి, పరీక్షలు దాటాకే హేచరీలకు చేరాలన్నది నియమం. కొన్నేళ్ళలోనే టైగర్ చెరువులు దాదాపు అన్నీ వెనామీ చెరువులయ్యాయి.

ఇక్కడ చాలామంది రైతులు పొరపడే మాట ఒకటుంది. ఎస్పీఎఫ్ అంటే ఆ తల్లికి ఆ రోగాలు లేవని మాత్రమే. ఆ పిల్లకు రోగాలు రావని కాదు. తెల్లమచ్చ వైరస్ ఉన్న నీటిలో వేస్తే ఎస్పీఎఫ్ పిల్ల కూడా మామూలు పిల్లలాగే చస్తుంది. పైగా హేచరీలో తల్లులకు పెట్టే సముద్రపు పురుగుల లాంటి పచ్చి మేతతో రోగం మళ్ళీ లోపలికి రావచ్చు. ఖర్చు తగ్గుతుందని చెరువులో పెరిగిన రొయ్యనే తల్లిగా వాడితే క్వారంటైన్‌లో పడ్డ శ్రమంతా నీళ్ళపాలు.

అందుకే పిల్లను పరీక్షించి వేయమంటారు. ల్యాబ్‌లో పీసీఆర్ అనే పద్ధతిలో వైరస్ డీఎన్ఏ ముక్కను కోట్ల రెట్లు పెంచి చూస్తారు. అణువంత ఉన్నా దొరుకుతుంది. కానీ నమూనా ఎంత తీశారన్నది ల్యాబ్ యంత్రం చెప్పదు. లక్షల పిల్లలున్న ట్యాంకులో వందకు రెండింటికి రోగం ఉందనుకుందాం. దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే సుమారు 150 పిల్లల్ని తీయాలి. వందకు అయిదింటికి ఉంటే 60 చాలు. పదో పరకో తీసి "నెగెటివ్" అన్న కాగితం ఇస్తే దాని విలువ ఎంతో ఈ లెక్కే చెబుతుంది. చదరపు మీటరుకు 60 పిల్లలకు మించకూడదన్నది కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన పరిమితి. ఆ లెక్కన ఎకరం చెరువులో సుమారు 2 లక్షల 40 వేలు పడతాయి. వందకు రెండు అంటే దాదాపు 4,800 రోగిష్టి పిల్లల్ని రైతు తన డబ్బుతో కొని తన చేత్తో చెరువులో వదిలినట్టు. నమూనా తీసేటప్పుడు రైతు హేచరీలో నిలబడి చూడటం అనుమానం కిందికి రాదు. అది అతని హక్కు.

తెల్లమచ్చ కంటే ఇప్పుడు ఎక్కువ నష్టం చేస్తున్నది మరొకటి. దాని పొట్టి పేరు ఈహెచ్‌పీ, పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపాటోపినై. ఇది వైరస్ కాదు, శిలీంధ్రాలకు దగ్గరి బంధువైన సూక్ష్మజీవి. 2000ల తొలి సంవత్సరాల్లో థాయ్‌లాండ్‌లో కనిపించింది. 2009లో పేరు పెట్టారు. తరవాతి అయిదారేళ్ళలో మన చెరువుల్లోనూ బయటపడింది. ఇది రొయ్యను చంపదు. కాలేయం, క్లోమం రెండింటి పనీ చేసే హెపాటోపాంక్రియాస్‌లో చేరి, అరిగిన తిండిని తానే తింటుంది. రైతు రోజూ మేత వేస్తూనే ఉంటాడు, రొయ్య తింటూనే ఉంటుంది, తూకం మాత్రం పెరగదు. కిలోకు 40 తూగవలసిన వయసులో 100 కౌంటు దగ్గరే ఆగిపోతుంది. ఒకే చెరువులో చిన్నవీ పెద్దవీ కలగాపులగంగా కనిపిస్తాయి. కొన్ని చెరువుల్లో తెల్లని మలపు పోగులు నీటిమీద తేలుతాయి.

చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ సీబా శాస్త్రజ్ఞులు 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం దేశంలో ఈహెచ్‌పీ వల్ల ఏటా 3,977 కోట్ల రూపాయల నష్టం, తెల్లమచ్చ వల్ల 1,670 కోట్లు. చంపని రోగం చంపే రోగానికి రెండింతలు మించి తినేస్తోంది. తెల్లమచ్చ వస్తే రైతుకు ఆ వారమే తెలిసిపోతుంది, మేత ఆపుతాడు, దొరికింది పట్టుకుంటాడు. ఈహెచ్‌పీ వచ్చిన చెరువుకు ఇవాళో రేపో పెరుగుతుందన్న ఆశతో నెలల తరబడి మేత పోస్తాడు. అప్పు పెరిగేది అక్కడే.

దీని బీజాలకు గట్టి గోడ ఉంటుంది. మామూలు మోతాదు బ్లీచింగ్‌కు, నాలుగు రోజుల ఎండకు అవి లొంగవు. పంట తీశాక అడుగు బురదను ఎత్తిపోసి, చెరువును నెర్రెలిచ్చేదాకా ఎండగట్టి, హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేసి, 10, 12 సెంటీమీటర్ల లోతున దున్ని తడిపితే మట్టి పీహెచ్ 12కు లేస్తుంది. ఆ క్షారంలో బీజాలు చస్తాయి. వేయవలసింది కాల్చిన సున్నమే. వ్యవసాయ సున్నం ఎన్ని బస్తాలు గుమ్మరించినా పీహెచ్ అంత పైకి పోదు.

ఎండగట్టడం గురించి సీబా చేసిన మరో ప్రయోగం ప్రతి రైతుకూ తెలియాలి. తెల్లమచ్చతో పోయిన చెరువు అడుగు మట్టిని ఎండబెడితే అందులో వైరస్ 19 రోజుల దాకా రోగం అంటించగలిగింది. నీరు నిలిచిన మట్టిలో అయితే 35 రోజుల దాకా. పంట పోయిన దుఃఖంలో, వడ్డీ భయంతో పది రోజులకే మళ్ళీ నీరు పెట్టి పిల్ల వేసే రైతు ఆ వైరస్ మీదే కొత్త పంట పోస్తున్నాడు. పల్లపు భూముల్లో ఇది మరీ కష్టం. ఏటి మట్టానికి దగ్గరగా ఉన్న చెరువుల్లో అడుగు ఆరదు, పక్క చెరువు ఊట వస్తూనే ఉంటుంది. అలాంటి చోట ఒక్కడు ఎండగడితే లాభం లేదు. ఆ వరసలోని చెరువులన్నీ ఒకేసారి ఎండాలి.

నీటితో పాటు నడిచొచ్చేవీ ఉన్నాయి. తెల్లమచ్చ వైరస్ పీతల్లో వాటికి ఏ బాధా లేకుండా బతుకుతుంది. రాత్రిపూట గట్టెక్కి చెరువు మారే పీతను ఆపడానికి గట్టు చుట్టూ నిలువెత్తున కాకుండా మోకాలెత్తు వల కడితే చాలు. నీటి తూముకు సన్నకన్ను వడపోత సంచులు కడితే ఏటిలోని చిన్న రొయ్యలు, గుడ్లు లోపలికి రావు. నేరుగా చెరువులోకి తోడకుండా, విడి రిజర్వాయరులో నింపి బ్లీచింగ్ వేసి, కొన్నాళ్ళు ఆగి క్లోరిన్ విరిగాక వాడుకోవాలి. వాహకం దొరక్కపోతే నీటిలో విడిగా ఉన్న వైరస్ కొద్ది రోజుల్లోనే శక్తి కోల్పోతుంది. ఆగడమే సగం శుద్ధి.

పక్షుల విషయంలో కొంచెం నిదానం అవసరం. టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఏటా వలస పక్షులకు ఆతిథ్యమిచ్చే ఊళ్ళు. నౌపడ ఉప్పు మడుల చుట్టూ ఉన్న చిత్తడి నేలల్లోనే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మేతకు తిరుగుతాయి. ఒక చెరువులో చచ్చిన రొయ్యను ముక్కున పట్టి మరో చెరువులో జారవిడిచే పక్షి రోగాన్ని మోస్తుంది, నిజమే. అందుకు చెరువు మీద దారాలు కట్టమంటారు. దూరం నుంచే కనిపించేలా, వరసగా, బిగుతుగా కట్టిన దారం పక్షిని మళ్ళిస్తుంది. కనిపించని సన్నని వల దాన్ని చంపుతుంది. అంతకంటే ముందు చేయవలసింది, పక్షికి దొరక్కుండా చచ్చిన రొయ్యను ఏరి సున్నం చల్లి పూడ్చడం.

వాతావరణం ఈ జిల్లాల్లో రోగానికి తలుపు తీసే పని చేస్తుంది. నీరు 32, 33 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే తెల్లమచ్చ వైరస్ నెమ్మదిస్తుంది. చలిగాలులు మొదలై నీరు చల్లబడితే విజృంభిస్తుంది. అందుకే చలికాలపు పంట జూదమని అనుభవజ్ఞులు దానికి దూరంగా ఉంటారు. ఇక తుపాన్లు. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరంగా దాటిన గులాబ్. ఒక్క రాత్రి కుండపోతకు చెరువులో ఉప్పదనం పడిపోతుంది, నదుల వరద ఏటినే మంచినీరు చేస్తుంది. తిత్లీ తరవాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే నీటిలో గాలి కలిపే ఏరియేటరు తిరగదు. తెల్లవారుజామున ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి జారితే రొయ్య నీరసిస్తుంది, ఇంకా పడిపోతే పైకి తేలిపోతుంది. అలా అలసిన రొయ్యలోనే నిద్రపోతున్న వైరస్ లేస్తుంది, అడుగున పేరుకున్న కుళ్ళు మీద విబ్రియో బాక్టీరియా రేగుతుంది. గట్లు తెగి చెరువులు కలిసిపోతే నాలుగు నెలలు కాపాడుకున్న హద్దు ఒక్క పూటలో పోతుంది. అక్టోబరులో పట్టుబడికి వచ్చేలా పంట వేసే రైతు ఈ తేదీల వరసను ఒకసారి చూడాలి. పట్టుబడిని సెప్టెంబరులోగా ముగించగలిగితే అంతకంటే మంచి మందు లేదు.

విబ్రియో భయంతో కొందరు యాంటీబయాటిక్ వైపు చూస్తారు. వైరస్ మీద అది పనిచేయదు, ఈహెచ్‌పీ మీదా పనిచేయదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి పూర్తిగా నిషేధం. వాటి ఆనవాలు కనిపించిన కంటెయినరును యూరప్ వెనక్కి పంపుతుంది. ఒక చెరువు తప్పు రాష్ట్రం సరుకంతటికీ చెడ్డపేరు తెస్తుంది. విబ్రియోకు సరైన జవాబు మేతను అదుపు చేయడం, బురదను నడిమధ్య చేర్చి తీసేయడం.

రోగం వచ్చేసిన చెరువును ఏం చేయాలన్నదే అసలు పరీక్ష. కంగారులో తూమెత్తి నీరు ఏటిలోకి వదిలేస్తారు. ఒక్క పోటుకు ఆ వైరస్ మరో పది చెరువుల మోటార్ల దగ్గరికి చేరుతుంది. సరైన పద్ధతి తూము మూసి ఉంచడం, నీరు తీయకుండా విసురువలతో పట్టగలిగింది పట్టడం, మిగిలిన నీటిలో బ్లీచింగ్ వేసి మూసిపెట్టి, క్లోరిన్ విరిగాకే వదలడం. ఆ చెరువులో వాడిన వలలు, చెక్ ట్రేలు, కాళ్ళూ చేతులూ శుభ్రం చేయకుండా పక్క చెరువులో పెట్టకపోవడం. ఇందులో ప్రతి పనికీ ఖర్చుంది, ఆ ఖర్చు అప్పటికే పంట పోగొట్టుకున్నవాడి మీద పడుతుంది. ఒంటరి రైతును ఇలా చేయమని అడగడం తేలిక, చేయించడం కష్టం.

దీనికి జవాబు ఆంధ్రలోనే పుట్టింది. 2000 తరవాత ఎంపెడా, బ్యాంకాక్‌లోని ఆసియా పసిఫిక్ ఆక్వాకల్చర్ సంస్థల సమాఖ్య నాకా కలిసి చిన్న రైతుల మధ్య ఒక ప్రయత్నం చేశాయి. 2002లో పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరులో కొద్దిమంది రైతులతో మొదలైంది. వాళ్ళు ఆక్వా క్లబ్బుగా ఏర్పడి పిల్లను కలిసి కొన్నారు, కలిసి పరీక్ష చేయించారు, ఒకే వారంలో వేశారు, కాలువ కలిసి బాగుచేసుకున్నారు. ఎవరి చెరువులో రోగం వచ్చినా మిగతావాళ్ళకు చెప్పాలన్నది కట్టుబాటు. రెండు మూడేళ్ళలో చేరిన రైతులు వందలయ్యారు. ఆ అనుభవం మీదే 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా అనే సంస్థ పుట్టింది. కొత్త మందుగానీ కొత్త యంత్రంగానీ లేకుండానే ఇది సాగింది. రోగాన్ని దాచకపోవడమే అక్కడ జరిగిన కొత్త పని.

ఉత్తరాంధ్రలో రైతులు రోగాన్ని దాచడానికి కారణాలు అందరికీ తెలిసినవే. మాట బయటికి పొక్కితే కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు, అప్పిచ్చినవాడు గుమ్మంలో కూర్చుంటాడు. అందుకే చెప్పిన రైతుకు నష్టం లేకుండా చూడటం సంఘం పని, ప్రభుత్వం పని. చట్టాలు ఉన్నాయి. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఉంది, 2023లో దాన్ని సవరించారు. 2020లో రాష్ట్రం తన ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థను ఏర్పరచింది. వెనామీ చెరువు ఎంత చిన్నదైనా వ్యర్థజల శుద్ధి ఏర్పాటు ఉండాలన్నది నియమం. చిన్న రైతులు కలిసి ఒకటే కట్టుకోవచ్చని కూడా అందులోనే ఉంది. భావనపాడు ఏటి మీదో, చంపావతి మొగ దగ్గరో ఒక్క వరస రైతులు అలా కలిసి కట్టుకుంటే మిగతా తీరానికి దారి చూపినవాళ్ళవుతారు.

రోగాల సమాచారం ఇవ్వడానికి 2023 జూన్‌లో కేంద్రం రిపోర్ట్ ఫిష్ డిసీజ్ అనే ఫోన్ యాప్ తెచ్చింది. మండలంలో మత్స్యశాఖ అధికారి ఉంటారు. చెక్ ట్రేలో మేత మిగిలినా, ఒడ్డున నాలుగు రొయ్యలు చచ్చి కనిపించినా ముందు తూము మూసేయండి. తరవాత పక్క చెరువు రైతుకు, ఆ వెంటనే మత్స్యశాఖకు ఫోన్ చేయండి. మందుల దుకాణానికి వెళ్ళడం ఆ మూడు పనులూ అయ్యాకే.